రొయ్యల రోగాల ఆంటాలజీకి ఏ బొమ్మ పనికొచ్చింది: నెల్లూరులో మేం చేసిన పరీక్ష

ఒక రంగంలో ఏవేవి ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేంటో కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసిపెట్టేదే ఆంటాలజీ. దాన్ని ప్రొటెజె అనే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని కట్టడం ఒక ఎత్తు, అందులో రాసింది నిజమేనా అని రొయ్యల సంగతి తెలిసిన మనిషి చేత చెప్పించుకోవడం ఇంకో ఎత్తు. మొదటిది మా బృందం నెల్లూరులో గది తలుపులేసుకుని చేసుకోగలదు. రెండోదానికి విజువలైజేషన్ సాఫ్ట్‌వేర్ కావాలి, ఎందుకంటే గుంట గట్ల మీద తిరిగే టెక్నీషియన్‌కి గానీ, టైగర్ రొయ్య కాలం నుంచి సాగులో ఉన్న రైతుకి గానీ ఔల్ ఫైలు (ఆంటాలజీని రాసే ఫార్మాట్) తెరిచి చూపిస్తే ఏం అర్థమవుతుంది? ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేల్చుకోవడానికి వానాకాలంలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా ఒక పరీక్ష నడిపాం. నాలెడ్జ్ ఇంజనీరింగ్ పనిలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని అది ఎలా జరిగిందో రాస్తున్నాను.

ముందు మా పని ఏంటో చెప్పాలి. ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, విడవలూరు, అల్లూరు, ఇలా సముద్రం పక్క మండలాల్లో రొయ్యల గుంటలు ఎన్ని ఉన్నాయో ఈ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ వచ్చి టైగర్ సాగు కుదేలైంది. 2009లో వన్నామీ అనే వేరే జాతి రొయ్యకి ప్రభుత్వ అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది, దాంతో పాటు ఈహెచ్‌పీ (రొయ్యని ఎదగనివ్వని పరాన్నజీవి), వైట్ గట్ (తెల్ల మలం), లూజ్ షెల్ (పెంకు వదులవడం), విబ్రియో (బ్యాక్టీరియా) అంటూ కొత్త తలనొప్పులూ వచ్చాయి. ఏ లక్షణం కనిపిస్తే ఏమేం అనుమానించాలి, ఏ టెస్ట్ చేయించాలి, నీళ్లలో ఏం చూడాలి, ఏది చేయకూడదు, ఇవన్నీ రైతులూ ల్యాబ్ వాళ్లూ టెక్నీషియన్లూ నోటితో చెప్పుకునే సంగతులు. వాటిని కంప్యూటర్ తర్కం చేయగలిగే రూపంలో పెట్టడమే మా పని. మొదట్లోనే కాంపిటెన్సీ క్వశ్చన్స్ రాసి పెట్టుకున్నాం. ఆంటాలజీ తయారయ్యాక ఏ ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలో ముందే రాసుకునే ఈ పద్ధతిని టొరంటో యూనివర్సిటీలో గ్రూనింగర్, ఫాక్స్ 1995లో ప్రతిపాదించారు, ఇప్పటికీ నాకు దీన్ని మించిన ఆరంభం కనపడలేదు. మా ప్రశ్నలు ఇలా ఉండేవి: తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలుతున్నాయి, కారణాలు ఏమై ఉండొచ్చు? వైట్ గట్ కనిపించింది, పీసీఆర్ అనే ల్యాబ్ టెస్ట్‌లో ఈహెచ్‌పీ నెగటివ్ వచ్చింది, ఇంకేం చూడాలి?

విజువలైజేషన్ టూల్స్ మీద నెట్‌లో దొరికే పోలికలు చాలావరకు ఫీచర్ల పట్టికలే. జూమ్ ఉందా, ఫిల్టర్ ఉందా, రంగులు మార్చుకోవచ్చా, ఎస్‌వీజీ (పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలు) ఎక్స్‌పోర్ట్ ఉందా. ఇవి తెలుసుకోవాల్సినవే, కానీ ఆ పట్టిక చూసి టూల్ ఎంచుకుంటే ఎంచుకునేది ఇంజనీర్, వాడాల్సింది వేరేవాళ్లు. మాకు కావాల్సింది ఒకటే: బొమ్మ చూసిన రొయ్యల మనిషి అందులో తప్పు కనిపెట్టగలగాలి. అందుకని ఆంటాలజీకి ఒక కాపీ తీసి అందులో కావాలనే కొన్ని తప్పులు పెట్టాం, కొన్ని నిజమైన లింకులు తీసేశాం. వచ్చిన వాళ్లందరికీ ముందే చెప్పాం, ఇందులో తప్పులున్నాయి, మిమ్మల్ని పరీక్షించడానికి పెట్టలేదు, ఈ సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడానికి పెట్టాం అని. అలా చెప్పకపోతే మన దగ్గర ఎవరూ తప్పు పట్టరు, మర్యాద అడ్డొస్తుంది. చెప్పాక కూడా "బాగుంది సార్, అంతా కరెక్టే" అన్నవాళ్లు ఉన్నారు.

పెట్టిన తప్పుల్లో ముఖ్యమైనవి ఇవి. ఈహెచ్‌పీని వైరస్‌ల కింద వేశాం, నిజానికి అది మైక్రోస్పోరిడియా, ఫంగస్‌కి దగ్గరి జాతి. వైట్ స్పాట్‌కి యాంటీబయాటిక్ చికిత్స అని ఒక లింకు గీశాం, అది వైరస్ రోగం కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. తీసేసిన వాటిలో పెద్దది, ఎండ్రకాయల ద్వారా వైట్ స్పాట్ ఒక గుంట నుంచి ఇంకో గుంటకి వెళ్తుందనే లింకు. రాత్రిపూట ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్ వాడుకోవడం వల్ల తెల్లవారేసరికి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుందనే లింకు కూడా తీశాం.

ఇక టూల్స్. ప్రొటెజెలోనే ఉండే ఔల్‌విజ్, ఆంటోగ్రాఫ్ తీసుకున్నాం. బ్రౌజర్‌లో నడిచే వెబ్‌వౌల్ తీసుకున్నాం. ఆంటాలజీ కోసం పుట్టనివైనా నెట్‌వర్క్‌లు గీయడంలో దిట్టలైన సైటోస్కేప్, గెఫీ తీసుకున్నాం. కాన్సెప్ట్ మ్యాప్‌లు గీసుకునే సీమ్యాప్‌టూల్స్ తీసుకున్నాం. ఒకప్పుడు ప్రొటెజె మూడో తరం వెర్షన్లలో జంబలాయా అనే ప్లగిన్ ఉండేది, కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీ వాళ్లది, పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె అన్నట్టు చూపించేది. ఇప్పటి ప్రొటెజెలో అది నడవదు కాబట్టి పరీక్షలోకి తీసుకోలేదు. వీటన్నిటికీ తోడుగా, మా బృందంలో ఒకమ్మాయి పట్టుబట్టినందువల్ల, ఒక మామూలు పట్టికను కూడా పెట్టాం. ఆంటాలజీని ప్రశ్నలడిగే భాష స్పార్కిల్‌లో క్వెరీ రాసి తీసి స్ప్రెడ్‌షీట్‌లో వేసిన పట్టిక, అడ్డంగా రోగాలు, నిలువుగా లక్షణాలూ కారణాలూ వాహకాలూ, లింకు ఉన్న గడిలో ఒక చుక్క, అంతే. దాన్ని విజువలైజేషన్ అంటారా అని మాలో మాకే వాదన జరిగింది.

తెలుగు అక్షరాల గొడవ ముందు చెప్పేస్తాను. మా లేబుళ్లన్నీ తెలుగులోనే. ఒక టూల్‌లో పేరు పొడుగైతే చివర చుక్కలు పెట్టి కోసేస్తుంది, ఆ కోత సరిగ్గా ఒత్తు మధ్యలో పడి అక్షరం విరిగి ఖాళీ సున్నా మాదిరి గుర్తు మిగిలేది. ఇంకో దాంట్లో తెరమీద బాగానే ఉండి, పీడీఎఫ్‌లోకి మార్చగానే వత్తులన్నీ పక్కకి జరిగేవి. దీనికి మాకు దొరికిన దారి, లేబుల్ రెండు మాటలు దాటకుండా చూసుకోవడం, పొడుగు వివరణ వేరే చోట పెట్టడం, ప్రింట్ కోసం ఎప్పుడూ ఎస్‌వీజీలో తీసి బ్రౌజర్‌లో తెరిచి అక్కడి నుంచి పీడీఎఫ్ చేయడం. ప్రొటెజెలో అయితే రెండరింగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లేబుల్ భాషల వరసలో తెలుగు కోడ్‌ని ముందు పెడితే అంతా తెలుగులో కనపడుతుంది, చాలామందికి ఇది తెలీదు. ఇంకో మాట, ఎఫ్‌ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ల ఆగ్రోవాక్ పదకోశంలో తెలుగు కూడా ఉంది, మన కాన్సెప్టుల్ని దానికి ముడివేసుకుంటే రేపు ఇంకెవరి డేటాతోనైనా కలపడానికి వీలవుతుంది. కానీ రైతుకి చూపించే పేరు మాత్రం గట్టు మీద వాడే పేరే ఉండాలి. వైట్ గట్ అనే చోట పుస్తకం మాట పెడితే ఎదుటి మనిషి బొమ్మ చూడ్డం మానేసి మన మొహం చూస్తాడు.

పరీక్ష నడిపిన తీరు సింపుల్. కూర్చోబెట్టి, టూల్ తెరిచి, "మీకు కనపడేది పైకి చెప్తా ఉండండి" అనడం. థింక్ అలౌడ్ అంటారు దీన్ని. కొన్ని సిట్టింగులు నెల్లూరులో మా గదిలో, కొన్ని ఇందుకూరుపేట వైపు మోటారు షెడ్లలో, ఒకట్రెండు ల్యాబ్‌ల దగ్గర. షెడ్డులో ల్యాప్‌టాప్ పెడితే బయటి వెలుతురుకి నల్ల బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు అసలు కనపడవు, ఆఫీసులో అవే ఎంత అందంగా ఉంటాయో. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, లావు గీతలు, అంతకు మించి అక్కడ ఏదీ నిలబడలేదు.

ఔల్‌విజ్ మెట్లు మెట్లుగా చెట్టు గీస్తుంది, ఏది దేని కిందకి వస్తుందో అంతవరకే. టెక్నీషియన్లూ ల్యాబ్ వాళ్లూ ఆ చెట్టు చూడగానే ఈహెచ్‌పీని పట్టేశారు, "ఇది వైరస్‌లో ఎందుకుంది?" అని. రైతులు దాని మీద ఆగలేదు. వాళ్లకి అది వైరసా కాదా అన్నది పెద్ద విషయం కాదు, రొయ్య ఎదగట్లేదు, మేత మాత్రం తింటా ఉంది, కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రావట్లేదు, అదీ విషయం. చెట్టులో సంబంధాలు కనపడవు కాబట్టి యాంటీబయాటిక్ తప్పు ఎవరికీ దొరికే అవకాశమే లేదు. ఔల్‌విజ్‌లో నాకు నచ్చిన సంగతి, మనం రాసిన చెట్టునీ, రీజనర్ (ఆంటాలజీ మీద తర్కం నడిపే ప్రోగ్రాం) తర్కించి తేల్చిన చెట్టునీ వేరువేరుగా చూపించడం. అది ఇంజనీర్‌కి బంగారం, మిగతా వాళ్లకి అక్కర్లేదు.

వెబ్‌వౌల్ చూడ్డానికి అందరికీ నచ్చింది. క్లాసులు (రోగం, లక్షణం లాంటి రకాలు) గుండ్రాలు, డేటా రకాలు పసుపు రంగు పెట్టెలు, లాగితే కదులుతుంది, వదిలితే సర్దుకుంటుంది. స్కీమా ఎలా ఉందో కొత్త ప్రోగ్రామర్‌కి చెప్పడానికి దీనికి మించింది లేదనే అనుకుంటున్నాను. కానీ అది చూపించేది ప్రధానంగా క్లాసుల, ప్రాపర్టీల (వాటి మధ్య సంబంధాల) అమరిక. "రోగం" అనే గుండ్రం నుంచి "లక్షణం" అనే గుండ్రానికి ఒక గీత ఉందని చూపిస్తుంది, ఏ రోగానికి ఏ లక్షణమో అన్న దగ్గరే మా తప్పులన్నీ ఉన్నాయి. మా పనికి అది సరిపోలేదంతే, దాని పని అది బాగానే చేస్తుంది.

ఆంటోగ్రాఫ్, సైటోస్కేప్ దగ్గర అసలు మాటలు మొదలయ్యాయి. మొత్తం గ్రాఫ్ ఒకేసారి తెరిస్తే ఏమీ ఉపయోగం లేదు. మైపాడు దగ్గర గుంటలున్న ఒక పెద్దాయన తెర వైపు కాసేపు చూసి, "ఇదేందబ్బయ్యా, సాలెగూడు మాదిరుండాది, ఇందులో నేను చూడాల్సింది యాడుండాదో చెప్పు" అన్నారు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైన మాట. విజువలైజేషన్ పరిశోధకుడు బెన్ ష్నైడర్‌మన్ 1996లో చెప్పిన సూత్రం ముందు మొత్తం చూపించు, తర్వాత దగ్గరికి తీసుకెళ్లు, అడిగితే వివరాలు ఇవ్వు అంటుంది. మా దగ్గర అది తిరగబడింది. మా వాళ్లకి మొదట ఒక్క రోగం చూపించాలి, దాని చుట్టూ ఉన్నవి చూపించాలి, అక్కడి నుంచి వాళ్లే పక్కకి నడుస్తారు. సైటోస్కేప్‌లో ఒక నోడ్ (బొమ్మలో ఒక బిందువు) ఎంచుకుని దాని మొదటి ఇరుగుపొరుగును మాత్రం వేరే బొమ్మగా తీయొచ్చు. అలా వైట్ స్పాట్ ఒక్కటే తీసి పెట్టేసరికి అదే పెద్దాయన యాంటీబయాటిక్ గీత మీద వేలు పెట్టి, "దీనికి మందుంటే అప్పుట్లో మేమందరం ఎందుకు మునుగుతాం అబ్బయ్యా?" అన్నారు. ఆ రోజుల్లో మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం ఖాళీ అయిపోవడం కళ్లారా చూసిన మనిషి. తర్వాత కూర్చున్న రైతుల్లో కూడా ఆ గీతని దాటిపోయిన వాళ్లు దాదాపు లేరు.

గీతల మీద పేర్ల గురించి ఒకటి చెప్పాలి. ఇంగ్లిష్ పద్ధతిలో నోడ్, గీత మీద క్రియ, ఇంకో నోడ్ పెడితే చదువుకుంటూ పోవచ్చు. సీమ్యాప్‌టూల్స్ వెనకున్న కాన్సెప్ట్ మ్యాప్ పద్ధతి, జోసెఫ్ నోవాక్ 1970లలో కార్నెల్‌లో మొదలుపెట్టింది, అలా చదవడం మీదే నిలబడి ఉంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి "డీవో తగ్గడం, దారితీస్తుంది, రొయ్యలు తేలడం" అని చదివితే మనిషి తడబడతాడు. గీతల మీద క్రియలు తీసేసి "కారణం", "లక్షణం", "వాహకం", "టెస్ట్" అని పేర్లు పెట్టాం, రంగు కూడా ఒక్కో దానికి ఒక్కోటి ఇచ్చాం, ఆ తర్వాత చదవడం సాఫీగా సాగింది. ఈ చిన్న మార్పు టూల్ మార్చడం కంటే ఎక్కువ తేడా తెచ్చింది.

బొమ్మ ప్రతిసారీ ఒకే చోట ఉండాలి, ఇది కూడా చాలా ముఖ్యం. నోడ్‌లని తనే అటూ ఇటూ నెట్టి సర్దే ఫోర్స్ లేఅవుట్ వాడే టూల్స్‌లో తెరిచిన ప్రతిసారీ నోడ్‌లు కొత్త చోట్లలో సర్దుకోవచ్చు. పోయినసారి కుడి వైపు పైన చూసిన విబ్రియో ఈసారి ఎడమ కింద ఉంటే, మనిషి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి, ఈలోగా విసుగొస్తుంది. సైటోస్కేప్ సెషన్‌లో స్థానాలు అలాగే నిలిచిపోతాయి, వెబ్‌వౌల్‌లో నోడ్‌లని పిన్ చేసే సదుపాయం ఉంది. ఏ టూల్ చూస్తున్నా ముందు ఇది చూడండి.

గెఫీ సంగతి వేరు. రైతులకి చూపించలేదు, మేమే వాడుకున్నాం. ఎక్కువ లింకులున్న నోడ్‌ని పెద్దగా చూపించమంటే వైట్ గట్ అన్నిటికంటే పెద్ద గుండ్రంగా వచ్చింది. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసిన విషయం, గట్టు మీద అందరూ దాన్ని రోగం అనే అంటారు, మాకు చెప్పిన వాళ్లు కొందరు రోగంగా చెప్పారు, ఇంకొందరు లక్షణంగా చెప్పారు, రెండు రకాల లింకులూ ఒకే నోడ్ మీదకి చేరాయి. తెల్ల మలం అన్నది ఈహెచ్‌పీలోనూ కనపడుతుంది, విబ్రియో ఎక్కువైనా కనపడుతుంది. దాన్ని లక్షణంగా విడదీసి, దాని నుంచి పీసీఆర్ వైపు ఒక దారి, ప్లేట్ మీద గ్రీన్ కాలనీలూ ఎల్లో కాలనీలూ లెక్కపెట్టే టెస్ట్ వైపు ఇంకో దారి వేశాక మా రెండో ప్రశ్నకి మొదటిసారి సరైన జవాబు వచ్చింది. టూల్ మార్కులు ఇవ్వడం కోసం మొదలుపెట్టిన పని ఆంటాలజీనే బాగుచేసింది, అందుకే ఇలాంటి పరీక్ష చివర్లో చేసేది కాకూడదని గట్టిగా అంటున్నాను, సగం కట్టాక చేయాలి.

ఇప్పుడు పట్టిక సంగతి. తీసేసిన లింకుల్ని గ్రాఫ్‌లలో కనిపెట్టిన వాళ్లు మాకు దొరకలేదు. టెక్నీషియన్లకీ దొరకలేదు, ల్యాబ్ వాళ్లకీ దొరకలేదు. లేని గీత ఎలా కనపడుతుంది మరి? గ్రాఫ్ ఉన్నదాన్నే చూపిస్తుంది. రీజనర్ కూడా సాయం చేయదు, ఎందుకంటే ఔల్‌లో ఓపెన్ వరల్డ్ ఆలోచన, రాయలేదు అంటే తెలీదు అని అర్థం, తప్పు అని కాదు. 2017లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా వచ్చిన షాకిల్‌తో "ప్రతి వైరస్ రోగానికీ కనీసం ఒక వాహకం ఉండాలి" అని నియమం పెట్టొచ్చు, అయినా అది వాహకం లేదని చెప్తుంది తప్ప అది ఎండ్రకాయ అని చెప్పలేదు. ఆ పట్టికని ఏత్రీ కాగితం మీద ప్రింట్ తీసి షెడ్డులో మంచం మీద పరిచాం. విడవలూరు వైపు రైతు ఒకాయన వైట్ స్పాట్ వరస వెంబడి వేలు పెట్టి దిగుతూ దిగుతూ ఆగి, "ఎండ్రకాయ గడి ఖాళీగా పెట్టుండారేంది? మరి గట్టు చుట్టూ ఫెన్సింగ్ ఎందుకు కట్టుకున్నట్టు మేము?" అన్నారు. డీవో, ప్లాంక్టన్ గడి కూడా పట్టికలోనే దొరికింది. అంతేకాదు, మేం తీయని ఖాళీలు, అంటే మాకే తెలీక వదిలేసినవి కూడా బయటపడ్డాయి, మినరల్స్ తగ్గడానికీ లూజ్ షెల్‌కీ మధ్య లింకు వాటిలో ఒకటి. నీలం పెన్నుతో వాళ్లే చుక్కలు పెట్టేశారు.

దీని మీద పరిశోధన లేకపోలేదు. గోనియెమ్, ఫెకెటె, కాస్టాగ్లియోలా 2004లో గ్రాఫ్‌నీ మ్యాట్రిక్స్‌నీ (అంటే పట్టికనీ) పోల్చి చూశారు. ఇరవై నోడ్‌లు దాటిన నెట్‌వర్క్‌లలో చాలా పనులకి మ్యాట్రిక్స్ మెరుగు, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి దారి వెతకడంలో మాత్రం గీతల బొమ్మే మెరుగు అని తేల్చారు. మాకూ అదే తేలింది, "సీడ్ (గుంటలో వేసే పిల్ల రొయ్యలు) లోంచి ఈహెచ్‌పీ గుంటకి ఎలా వస్తుంది, వచ్చాక ఏమవుతుంది" లాంటి దారి ప్రశ్నలకి పట్టిక పనికిరాలేదు, సైటోస్కేప్ బొమ్మ మీద చకచకా చెప్పారు.

మార్కుల విషయానికొస్తే, టెక్నీషియన్ల చేత ఎస్‌యూఎస్ ఫారం (సాఫ్ట్‌వేర్ వాడడం ఎంత సులువో కొలిచేది) నింపించాం. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది ప్రశ్నల ఫారం, వందకి స్కోరు వస్తుంది, సగటు 68 దగ్గర అంటారు. తెలుగులోకి మార్చుకుని వాడాం. మంచి మార్కులు అందమైన టూల్స్‌కి పడ్డాయి, తప్పులు ఎక్కువ దొరికింది వేరే చోట. ఫారం వద్దని అనను, హాయిగా వాడగలమా లేదా అన్నది కూడా లెక్కే, కానీ రెండూ పక్కపక్కన పెట్టుకోకుండా ఫారం ఒక్కటే చూసి డబ్బు గానీ టైం గానీ పెట్టొద్దు. మేం వాడినవన్నీ ఉచితమే కాబట్టి మాకు డబ్బు టెన్షన్ లేదు, టైం టెన్షన్ ఉంది.

చివరికి ఒక్క టూల్ మీద నిలబడలేదు. మొదటి ముచ్చట్లలో, అంటే రైతు చెప్తుంటే అప్పటికప్పుడు గీసుకోవడానికి సీమ్యాప్‌టూల్స్. మా సొంత చెకింగ్‌కి ప్రొటెజె, ఔల్‌విజ్, నెలకోసారి గెఫీ. టెక్నీషియన్లతో, రైతులతో కూర్చునేటప్పుడు సైటోస్కేప్‌లో ఒక్కో రోగానికి ఒక్కో చిన్న బొమ్మ, దాని పక్కనే ఏత్రీ మీద పట్టిక, పెన్ను. కాగితం మీద పెట్టిన చుక్కల్ని సాయంత్రం మా బృందంలోని ఆ అమ్మాయి స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తే, ల్యాబ్ వాళ్లు ఒకసారి చూసి సరే అన్నాకే ఆంటాలజీలోకి పోతుంది.

ఇంకా తేలనిది ఒకటి ఉంది, డీవోసీ. సీడ్ వేసి ఎన్ని రోజులైందన్నది చెప్పకుండా ఏ రైతూ ఏ రోగం గురించీ మాట్లాడడు. ముప్పై రోజుల గుంటలో చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) మేత మిగలడం, తొంభై రోజుల గుంటలో మిగలడం ఒకటి కాదు వాళ్లకి. ఆంటాలజీలో దాన్ని రాసుకోగలుగుతున్నాం గానీ, మేం చూసిన వాటిలో ఏ బొమ్మా దాన్ని మాకు కావాల్సినట్టు చూపించలేకపోయింది. ప్రస్తుతానికి పట్టికనే పదిహేను రోజులకో కాగితంగా విడగొట్టి చూస్తున్నాం, కాగితాలు ఎక్కువైపోతున్నాయని టెక్నీషియన్లు అంటున్నారు. కాలాన్ని కూడా కలిపి చూపించే టూల్ ఎవరైనా తెలుగు లేబుళ్లతో వాడి ఉంటే చెప్పండి, వచ్చే పంటకి సీడ్ దిగేలోపు దాన్ని కూడా ఇదే పద్ధతిలో పెట్టి చూస్తాం.